పీల్చే లీకు



మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగినాడు. ఐటీఐలో మెకానిక్ డీజిల్ సీటు వచ్చింది, చేరాలా వద్దా అని. కింద చానామంది రాసినారు. డిగ్రీ చేసి గ్రూప్స్ రాయమని కొందరు. చేతికి ఆయిలు అంటే చదువు కూడా ఒక చదువేనా అని ఒకరు. ఆ తమ్ముడికి రెండు లైన్లు రాద్దామని మొదలుపెట్టి ఆపేసినాను. ఈ పని గురించి ఉన్నది ఉన్నట్టు రాయాలంటే నేను చేసిన ఒక తప్పు కూడా రాయాల. పదేళ్ళు దాటింది, మా ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. మన గ్రూపులో ఎరుకల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు చదువుతారని తెలిసే రాస్తున్నా. కొంచెం పొడుగైతాది, ఓపిగ్గా చదవండి.

మాది కళ్యాణదుర్గం దగ్గర తండా. ఇంటర్ తర్వాత ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఒక ఏడాది చేసి, టౌనులో ఒక బస్సుల షెడ్డులో చేరినాను. షెడ్డు ఉస్తాద్ సాయిబు. చేరిన మొదటి నెల నా చేతికి పానా ఇవ్వలేదు. బండి వస్తే నన్ను ఇంజన్ పక్కన నిలబెట్టి "విను" అనేవాడు. ఏం వినాలో చెప్పేవాడు కాదు. నాకు చానా కోపం వచ్చేది. సర్టిఫికెట్ ఉన్నోణ్ణి, విను అంటాడేందప్పా అని.

డీజిల్ ఇంజన్ సంగతి తెలియని వాళ్ళకి కొంచెం చెప్తా. దీంట్లో పెట్రోలు బండికి మాదిరి ప్లగ్గు ఉండదు, నిప్పురవ్వ ఉండదు. పిస్టన్ పైకి వచ్చి గాలిని పదహారు, పద్దెనిమిది రెట్లు నొక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెడితే కాలుతుంది కదా, అదే సూత్రం. అంత నొక్కేసరికి గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ కాగిన గాలిలోకి నాజిల్ డీజిల్‌ని మంచు మాదిరి చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. అంటే ఇంజన్‌కి కావలసింది మూడే. శుభ్రమైన గాలి, ఆ గాలి బయటికి పోకుండా గట్టి కంప్రెషన్, సరైన సమయానికి సన్నగా చిమ్మే డీజిల్. బండి ఏ రోగంతో వచ్చినా ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పి ఉంటుంది.

దీన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు పెట్టుకున్నాడు. ఇంజన్ సరిగ్గా నడిచింది 1897లో. 1900లో ప్యారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ని దేంతో నడిపి చూపించినారో తెలుసా? శెనక్కాయ నూనెతో. ఈ సంగతి ఐటీఐలో ఎవరూ చెప్పలేదు, తర్వాత నేనే చదువుకున్నా. శెనక్కాయ వేసి, వాన రాక, అప్పులై, డీజిల్ బస్సెక్కి బెంగళూరు పోయే మన జిల్లా వాళ్ళకి ఈ మాట వింటే నవ్వొస్తాదో ఏడుపొస్తాదో.

ఇంజన్‌కి నోరు లేదు గానీ పొగ గొట్టం ఉంది. నల్ల పొగ వస్తే గాలి చాలలేదు, లేదా డీజిల్ ఎక్కువైంది. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిలు కాలుతోంది, రింగులో లైనరో అరిగినాయి. తెల్ల పొగతో జాగ్రత్త. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు వచ్చి, బండి వేడెక్కినాక పోతే అది కాలని డీజిల్, భయం లేదు. బండి వేడెక్కినా పోకుండా, రేడియేటర్లో నీళ్ళు తగ్గుతుంటే, నీళ్ళు సిలిండర్లోకి దిగుతున్నట్టు. హెడ్ గాస్కెట్ పోయి ఉంటుంది. అప్పుడు డిప్ స్టిక్ తీసి చూడాల. ఆయిలు పాలు పోసిన టీ మాదిరి ఉంటే ఇంక సెల్ఫ్ కొట్టకూడదు.

ఒకసారి నల్ల పొగ బస్సు ఒకటి రెండు షెడ్లు తిరిగి మా దగ్గరికి వచ్చింది. నాజిళ్ళు మార్చినారు, పంపు విప్పి క్యాలిబ్రేషన్ చేయించినారు, వేలకు వేలు ఖర్చు. ఉస్తాద్ ఏ పానా పట్టుకోలేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి గోడకేసి కొట్టినాడు. దోసెడు ఎర్రమట్టి రాలింది. మన ఆషాఢం గాలి ఎట్లా ఉంటాదో మీకు తెలుసు, కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలిలో తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఫిల్టర్ ఆగదు.

నీళ్ళు కూడా అంతే. ఏడాదికి 550 మిల్లీమీటర్లు వాన పడితే గొప్ప మన దగ్గర. బోరు నీళ్ళు సవ్వగా ఉంటాయి. టీ గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది చూడండి, రేడియేటర్ గొట్టాల్లో కూడా అదే కడుతుంది. ఏప్రిల్ ఎండలో ఘాటు ఎక్కేసరికి ఇంజన్ కాగిపోతుంది. డ్రైవర్ దిగి ఇంకో బిందె బోరు నీళ్ళు పోస్తాడు, పొర ఇంకొంచెం మందమవుతుంది. మనుషులం ఆ నీళ్ళే తాగి పెరిగినాం, మన పళ్ళు చూస్తే తెలుస్తాది. ఒక్క మాట, కాగిన రేడియేటర్ మూత ఎప్పుడూ తీయద్దండి. నా కుడి ముంజేతి మీద మచ్చ దానిదే.

ఇంక ఆ "విను" అన్న మాటకి అర్థం నాకు తెలిసింది ఒక ఆరు సిలిండర్ల లేలాండ్ బస్సు దగ్గర. ఇంజన్ వణుకుతోంది, బలం లేదు. ఉస్తాద్ ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేసినాడు. మొదటిది వదులు చేస్తే ఇంజన్ శబ్దం కుంటింది. బిగించినాడు. రెండోది, మళ్ళీ కుంటింది. నాలుగోది వదులు చేసినప్పుడు శబ్దం ఏం మారలేదు. "దొరికినాడు" అన్నాడు. పని చేస్తున్న సిలిండర్‌ని ఆపితే ఇంజన్‌కి తెలుస్తుంది. ముందునుంచే పడుకున్నోణ్ణి ఆపితే ఏం తెలుస్తుంది? ఆ నాలుగో నాజిల్ ఒక్కటి మార్చితే సరిపోయింది.

తమ్ముళ్ళూ, ఇది చదివి ఇప్పటి బండ్ల మీద మాత్రం చెయ్యద్దండి. ఇది పాత మైకో పంపు బండ్లకే. మైకో అంటే 1951లో పెట్టిన బెంగళూరు కంపెనీ, ఇప్పుడు దాని పేరు బాష్. పేరు మారినా మెకానిక్‌ల నోట్లో మైకో పోలేదు. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్-6 బండ్లన్నీ వేరు. వాటిలో కామన్ రైల్. పైపులో ఒత్తిడి వెయ్యి కిలోలు దాటుతుంది, ఇంజన్ నడుస్తుండగా నట్టు వదులు చేస్తే డీజిల్ చర్మం చీల్చుకొని లోపలికి పోతుంది, వేలు తీసేయాల్సి వస్తుంది. వాటికి స్కానర్ పెట్టాల. ఆ సీటు వచ్చిన తమ్ముడు చేరితే స్కానర్ కూడా నేర్చుకో నాయనా. కానీ స్కానర్ కోడ్ ఇస్తుంది, రోగం చెప్పదు. ఫలానా చోట ఒత్తిడి తక్కువ అంటుంది. ఎందుకు తక్కువో వెతకాల్సింది మనమే.

ఇప్పుడు నా సంగతి.

2013 ఏప్రిల్. ఉగాదికి రెండు రోజుల ముందు ఒక ప్రైవేటు బస్సు షెడ్డుకి వచ్చింది. పండగకి బెంగళూరు నుంచి జనాన్ని తెచ్చి, పండగ అయినాక తిరిగి తీసుకుపోయే బండి. ఉస్తాద్ బ్రేకులు చూస్తూ, ఫీడ్ పంపు జాలీ తీసి కడగమని నాకు చెప్పినాడు. ఫీడ్ పంపు అంటే ట్యాంకులోంచి డీజిల్ పీల్చి పెద్ద పంపుకి అందించే చిన్న పంపు. దానికి వచ్చే పైపు బోల్టుకి రెండు పక్కల రాగి వాషర్లు ఉంటాయి. విప్పినప్పుడల్లా కొత్తవి వెయ్యాల. రాగి వాషర్ మొదటిసారి బిగించినప్పుడు మెత్తగా నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది, మళ్ళీ ఎంత బిగించినా నలగదు. ఇది నాకు తెలుసు. పరీక్షలో రాసినా కూడా.

డబ్బాలో ఆ సైజు వాషర్ లేదు. అంగడి దూరం. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. పాతవే వేసి ఇంకొంచెం గట్టిగా బిగించినాను. హ్యాండ్ పంపు కొట్టి గాలి తీసినాను, బండి స్టార్ట్ అయింది. కింద చెయ్యి పెట్టి చూస్తే ఒక్క చుక్క కారలేదు. సరిపోయిందిలే అనుకున్నా.

కారదు. అక్కడే ఉంది మోసం. పంపు తర్వాత పైపులో డీజిల్ ఒత్తిడితో ఉంటుంది, సందు ఉంటే బయటికి కారుతుంది, కనబడుతుంది. పంపు ముందర పైపులో డీజిల్‌ని పీలుస్తుంటారు. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పైన అంతా పొడిగా, శుభ్రంగా ఉంటుంది. బండి నిదానంగా పోతే ఏం కాదు. ఘాటులోనో, లోడు మీదో గట్టిగా పీల్చేసరికి గాలి బుడగలు పోయి పంపులో చేరుతాయి. నాజిల్ తెరుచుకోవాలంటే 200 కిలోల ఒత్తిడి కావాల. డీజిల్‌ని నొక్కితే ఒత్తిడి పుడుతుంది, గాలిని నొక్కితే అది కుదించుకుంటుందే గానీ నాజిల్‌ని తెరవదు. ఇంజన్ ఆగిపోతుంది. హ్యాండ్ పంపు కొట్టి గాలి తీస్తే మళ్ళీ నడుస్తుంది. ఇంకో అరగంటకి మళ్ళీ ఆగుతుంది.

ఆ బస్సు పండగకి జనాన్ని తెచ్చేటప్పుడే దారిలో రెండుసార్లు ఆగిందంట. ఇంకో విషయం చూడండి. ట్యాంకులో డీజిల్ అయిపోయినా ఇదే జరుగుతుంది, గాలి పట్టి ఆగుతుంది. రెండు రోగాలకీ గుర్తు ఒకటే. ఓనరు రెండోదే నమ్మినాడు. డ్రైవర్ డీజిల్ తీసి అమ్ముకున్నాడు, ట్యాంకు ఎండబెట్టినాడు అన్నాడు. డ్రైవర్ యాభై దాటిన ఎరుకల మనిషి. ఆ నెల జీతంలో మూడు వేలు పట్టుకొని, "మీ వాళ్ళ సంగతి నాకు తెలీదా" అన్నాడంట.

ఆ మాట మన ఇళ్ళల్లో ఎట్లా వినబడుతుందో నేను చెప్పాల్సిన పనిలేదు. 1871లో తెల్లోళ్ళు చట్టం చేసి కులాలకి కులాలనే దొంగలని రాసినారు. తర్వాత ఎరుకల వాళ్ళు ఆ పట్టీలోకి ఎక్కినారు, మన సుగాలీలు ఎక్కినారు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి దండ్లకి తిండి పెట్టిన మన తాతలు, రోడ్లూ రైళ్ళూ వచ్చి ఆ పని పోయేసరికి దొంగలైపోయినారు. 1952లో చట్టం రద్దయింది. మాట రద్దు కాలేదు.

ఉగాది పోయిన ఆదివారం రాత్రి ఆ బస్సు పావగడ మీదుగా బెంగళూరు బయల్దేరింది. మా యాడి అందులోనే ఉంది, మా అక్క, ఇద్దరు పిల్లలు కూడా. బేల్దారి పనికి పోతున్నారు. రాత్రి పది దాటినాక ఉస్తాద్‌కి ఫోన్ వచ్చింది, కంబదూరు దాటినాక బండి ఆగిపోయిందని. ఇద్దరం మోటర్ సైకిల్ మీద పోయినాం. పోయేసరికి జనమంతా రోడ్డు పక్కన మూటల మీద కూర్చున్నారు. మా అక్క చిన్న పిల్లోడు ఏడుస్తున్నాడు. ఓనరు మా కంటే ముందే కారులో వచ్చి డ్రైవర్ మీద అరుస్తున్నాడు. డ్రైవర్ ట్యాంకులో కట్టె ముంచి చూపించినాడు, సగం పైన ఉంది. "ఇప్పుడు పోయించినావులే" అన్నాడు ఓనరు. పంపు పోయింది, రేపు అనంతపురం తీసుకుపోయి విప్పిస్తా, ఆ ఖర్చు కూడా నీ జీతంలోనే అని.

ఉస్తాద్ ఆ అరుపులేవీ విననట్టే డ్రైవర్‌ని అడిగినాడు. ఎప్పటినుంచి? ఎత్తులో ఆగుతుందా, పల్లంలోనా? డీజిల్ ఎక్కడ పోయించినావు? ఆఖర్న ఎవరు చెయ్యి పెట్టినారు? ఆ ఆఖరు ప్రశ్నకి డ్రైవర్ "మీ షెడ్డులోనే, జాలీ కడిగినారు" అన్నాడు. నా గుండె ఆగిపోయింది. అప్పటికి నాకు అర్థమైంది. ఉస్తాద్ నా వైపు చూడలేదు.

సంచిలోంచి ఐదు లీటర్ల క్యాను తీసినాడు. దానికి లోపల కనబడే ప్లాస్టిక్ పైపు, చివర్న సొంత బోల్టు, వాషర్లు. ట్యాంకు పైపు విప్పేసి క్యాను పైపుని నేరుగా ఫీడ్ పంపుకి బిగించి, గాలి తీసి, స్టార్ట్ చేయించినాడు. పావుగంట ఎక్సలేటర్ తొక్కి పట్టమన్నాడు. ఇంజన్ ఎక్కడా తడబడలేదు. "పంపు బాగుంది. ఎవరూ విప్పద్దు" అన్నాడు. ఓనరు మాట్లాడలేదు.

తర్వాత చేసిన పనిని నేను ఈ రోజుకీ మా షెడ్డు పిల్లలకి చెప్తా. ట్యాంకు పైపుని మళ్ళీ ఫీడ్ పంపుకి ఎప్పటి మాదిరే బిగించినాడు. దాని రెండో కొసని ట్యాంకు దగ్గర ఊడదీసి క్యానుకి తగిలించినాడు. క్లీనర్‌ని బస్సు మీదికెక్కించి క్యాను పైన పట్టుకోమన్నాడు. ఇంజన్ ఆపేసినాడు. ఇప్పుడు పైపులో డీజిల్‌ని ఎవరూ పీల్చడం లేదు, పైనుంచి బరువుతో దిగుతోంది. గాలి పీల్చిన సందు ఏదైనా ఉంటే ఇప్పుడు అది కారక తప్పదు. డ్రైవర్ టార్చి పట్టుకున్నాడు. ఉస్తాద్ ట్యాంకు కాడినుంచి ఛాసిస్ వెంబడి ఒక్కో జాయింటూ వేలితో తడుముతూ వచ్చినాడు. పొడి, పొడి, పొడి. ఫీడ్ పంపు బోల్టు దగ్గర తడి మెరిసింది. చూస్తుండగానే ఒక చుక్క తయారై రాలింది.

బోల్టు విప్పి వాషర్ టార్చి వెలుగులో పెట్టినాడు. దాని మీద రెండు గీతలున్నాయి, ఒకదాని పక్కన ఒకటి. ఒకసారి బిగించిన దానికి ఒక గీతే పడుతుంది.

"దీన్ని ఎవరు బిగించినారు?" అన్నాడు ఉస్తాద్, ఎవర్నీ చూడకుండా. నేను నోరు తెరవలేదు. అటుపక్క మా యాడి పిల్లోణ్ణి ఎత్తుకొని నన్నే చూస్తోంది. కొడుకు బస్సు బాగు చేస్తున్నాడని పక్కనున్న ఆడోళ్ళకి అంతకుముందే చెప్పుకుంటోంది, నాకు వినబడింది.

ఉస్తాద్ మళ్ళీ అడగలేదు. ఆ రాత్రి కొత్త వాషర్ ఎక్కడా దొరకదు. "ఎవరి దగ్గరైనా స్టవ్వు ఉందా" అన్నాడు. మా అక్క మూట విప్పి పంపు స్టవ్వు ఇచ్చింది. రెండు వాషర్లనీ తీగకి గుచ్చి, ఎర్రగా కాలేదాకా మంట మీద పెట్టి, నీళ్ళలో వేసినాడు. ఉక్కు కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. చదునైన రాయి మీద రుద్ది, వేసి బిగించినాడు. బండి నడిచింది. తెల్లారేసరికి బెంగళూరు చేరినామని మా అక్క ఫోన్ చేసింది.

బండి కదిలే ముందు ఉస్తాద్ ఓనరుతో "డ్రైవర్ తప్పు ఏం లేదు, వాషర్ పోయింది" అని చెప్పినాడు. "అట్లయితే డీజిల్ లెక్క ఎందుకు కలవట్లేదు" అన్నాడు ఓనరు. ఆ వాషర్ నేను వేసిందే సార్ అని ఒక్క మాట నేను అనుంటే ఆ లెక్క అక్కడే తేలేది. అనలేదు.

పొద్దున్నే ఉస్తాద్‌కి చెప్పినాను. "నాకు చెప్తే ఏంరా లాభం, నాకు రాత్రే తెలుసు" అన్నాడు. నాలుగు రోజులకి ధైర్యం చేసి ఓనరు ఇంటికి పోయి చెప్పినాను. ఆయన నవ్వినాడు. "సరేలేప్పా, ఆ డ్రైవర్ ఎట్లాగూ మానేసినాడు" అన్నాడు. మూడు వేలు సంగతి ఎత్తితే ఫోను తీసుకొని లోపలికి పోయినాడు.

ఏడాదిన్నర తర్వాత మా యాడిని చూడ్డానికి బెంగళూరు పోయినప్పుడు, పీణ్యా దగ్గర నీళ్ళ ట్యాంకర్ దిగుతూ ఆయన కనబడినాడు. గుర్తుపట్టి "ఏం నాయనా, ఉస్తాద్ బాగున్నాడా" అన్నాడు. టీ తాగినాం. జీతంలోంచి కొంచెం కొంచెం దాచిన మూడు వేలు ఎప్పుడూ నా దగ్గరే పెట్టుకొని తిరిగేవాణ్ణి. చేతిలో పెట్టి, సంగతి చెప్పినాను. లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు.

"తెలుసు" అన్నాడు. "టార్చి పట్టుకున్నది నేనే కదా. రెండు గీతలు నాకూ కనబడినాయి."

"మరి అప్పుడు ఎందుకు చెప్పలేదన్నా?"

"మీ అమ్మ చూస్తాండె కదప్పా."

గ్లాసు కింద పెట్టి లేచినాడు. ట్యాంకర్ బానెట్ ఎత్తి, "తెల్ల పొగ వస్తాంది, వచ్చినావు కదా, ఒకసారి చూడు" అన్నాడు. నా దగ్గర పానా కూడా లేదు. పొద్దున పూట ఒక్కటే వస్తాదా, వేడెక్కినా వస్తాదా అని అడిగినాను.